పదివేలతో పాత నాణేలు: కల్దారా, హాలీ సిక్కానా, కొత్త స్మారక నాణెమా?

నాణేల సేకరణలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. ధర ఇంకా పెరగనివి, అసలు విలువకన్నా తక్కువకు దొరికేవి ఏవి? చేతిలో ఓ పదివేలు ఉంటే దేని మీద పెట్టాలి? నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదట హాలీ సిక్కా, అంటే నిజాం ప్రభుత్వం కొట్టించిన నాణేల్లో చిల్లరవి, ఆ తర్వాత జాగ్రత్తగా ఏరిన కల్దార్లు, అంటే బ్రిటిషు కాలపు వెండి రూపాయలు. టంకశాల పెట్టెల్లో అమ్మే కొత్త స్మారక నాణేలు ఇష్టం కోసమైతే కొనుక్కోవచ్చు, లాభం కోసం వద్దు. శాతవాహనుల నాణేల జోలికి మొదటి రెండు మూడేళ్లూ వెళ్లకపోవడమే మంచిది.

ఎందుకో చెప్పేముందు ఒక అపోహ తీసేయాలి. పాతదైతే ఖరీదైనదే అనుకుంటారు చాలామంది. రెండువేల ఏళ్ల నాటి శాతవాహన పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన లోహం) నాణెం ఒక్కోసారి కొన్ని వందలకే దొరుకుతుంది. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయికి మాత్రం భారీ ధర పలుకుతుంది. వయసుతో ధర రాదు. ఎన్ని మిగిలాయి, ఎంత శుభ్రంగా మిగిలాయి, ఎంతమంది కావాలనుకుంటున్నారు అన్నవే ధరను తేలుస్తాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలొస్తాయని ఫోన్లో తిరిగే వీడియోలను పట్టించుకోకండి. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని, పాత నాణేలు కొంటాం, ముందు కమిషన్ కట్టండి అంటూ మోసాలు జరుగుతుంటే 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరిక ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి వాటికి తాము ఎవరికీ అనుమతి ఇవ్వలేదని అందులో స్పష్టంగా చెప్పింది.

ఇక కల్దార్. తెలంగాణ పెద్దవాళ్లు ఇంగ్లీషువాళ్ల రూపాయిని ఇప్పటికీ అలాగే అంటారు. బరువు 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. అంటే ఒక్కో నాణెంలో సుమారు 10.7 గ్రాముల అసలు వెండి. 2025లో వెండి కిలో లక్షన్నర దాటింది. ఆ లెక్కన లోహం విలువే పదహారు వందలు. (మీరు చదివే రోజు ధర వేసుకుని చూసుకోండి, లెక్క పద్ధతి ఇదే.) 1940 నుంచి 1945 దాకా కొట్టినవాటిలో వెండి సగమే. 1947 రూపాయల్లో వెండి అసలు లేదు, అవి నికెల్. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంటాయి. 1947 పులి బొమ్మ రూపాయిని 'స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిది' అని చెప్పి ఎక్కువకు అంటగట్టేవాళ్లు ఉంటారు. అవి లెక్కలేనన్ని ఉన్నాయి, తొందరపడొద్దు.

వెండి పెరిగినప్పుడు నాణేల బజారులో వింత ఒకటి జరుగుతుంది. దుకాణంవాళ్లు నాణేలను తక్కెడ మీద పోసి అమ్మడం మొదలుపెడతారు. మామూలు 1919 రూపాయికీ అరుదైన రకానికీ తేడా తగ్గిపోతుంది, ఎందుకంటే తూచేవాడు తేదీ చూడడు. మంచి బేరం దొరికేది ఆ కుప్పలోనే. ఉదాహరణకు 1862 విక్టోరియా రూపాయి. ఆ తేదీ చూసి అందరూ అది ఒకే ఏడాదిది అనుకుంటారు. నిజానికి 1862 అన్న అంకెను మార్చకుండా 1874 దాకా కొడుతూనే ఉన్నారు. తేదీ వైపున కనీకనిపించకుండా ఉండే చుక్కలే ఒక ఏడాది నాణేన్ని ఇంకో ఏడాది నాణెం నుంచి వేరుచేస్తాయి. పదింతల భూతద్దం కింద పెట్టి ఆ చుక్కలు లెక్కపెట్టాలి. కొన్ని చుక్కల కలయికలు వీధికొకటి దొరుకుతాయి, కొన్ని మాత్రం ఏళ్ల తరబడి వెతికినా కనబడవు. పది నిమిషాలు ఓపిక పట్టగలిగితే వెండి ధరకే అరుదైన నాణెం చేతికొస్తుంది.

పేరుమోసిన కల్దార్ల సంగతి వేరు. 1911 అయిదో జార్జి రూపాయి మీద రాజుగారి అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ జరిగి, చాలా నాణేలు వెనక్కి తీసుకుని కరిగించారు. మరుసటి ఏడాది ఏనుగు బొమ్మ సరిచేశారు. కథ బాగుంటుంది కాబట్టి అందరికీ తెలుసు, తెలుసు కాబట్టి ధరలో ఆ కథ ఎప్పుడో కలిసిపోయింది. 1939 రూపాయి కూడా అంతే. పైగా దానికి నకిలీలు విపరీతం. కొత్తవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

కల్దార్లో ఇంకో చిక్కు మన ఇళ్లలోనే ఉంది. విక్టోరియా రాణి బొమ్మ రూపాయలను మనవాళ్లు పూజలో పెట్టారు, కాసులపేరులా గుచ్చుకున్నారు, మొలతాడుకు కట్టారు. నాణెం పైఅంచున టంకం వేసి ఊడదీసిన మచ్చ ఉందేమో చూడండి. ఉంటే అది ఇక వెండి ముక్క మాత్రమే, సేకరణకు పనికిరాదు. చింతపండుతోనో పీతాంబరితోనో తోమి తళతళలాడించిందైనా అంతే. నల్లబడిన నాణేన్ని అలాగే వదిలేస్తే దాని విలువ నిలబడుతుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన హాలీ సిక్కా దగ్గరికి వద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చివరి ఏళ్లలో, హిజ్రీ (ముస్లిం పంచాంగం) 1321 ప్రాంతంలో, అంటే 1903 తర్వాత, హైదరాబాదులో యంత్రాలతో చార్మినార్ బొమ్మ నాణేలు కొట్టడం మొదలైంది. తర్వాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలోనూ అవే నడిచాయి. రూపాయి బరువు 11.18 గ్రాములు, నూటికి 81.8 పాళ్లు వెండి. కల్దార్ కంటే తక్కువే. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయల మారకం ఉండేది. తూకం లెక్కన చూస్తే కల్దారే మేలు. అయినా నేను దీన్నే ముందు పెడతాను. దాని మీద ఉన్నది చదవగలిగేవాళ్లు బజారులో బాగా తక్కువ. అందుకే అరుదైనదీ మామూలుదీ ఒకే ధరకు పోతుంటాయి.

చదవడం బ్రహ్మవిద్య కాదు. ఒక వైపు చార్మినార్, దాని గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం. 'మీమ్' ఉంటే మహబూబ్, 'ఐన్' ఉంటే ఉస్మాన్. ఉస్మాన్ తొలి నాణేల్లో ఈ ఐన్ అసంపూర్తిగా ఉంటుంది, తర్వాతివాటిలో నిండుగా ఉంటుంది. ఆ తొలి రకం తక్కువ కాలమే వచ్చింది. 1329 హిజ్రీలో, 1911 ఆగస్టు చివర్లో, మహబూబ్ చనిపోయి ఉస్మాన్ గద్దెనెక్కాడు కాబట్టి ఆ కాలపు నాణెం కనబడితే ముందు గుమ్మంలోకి చూడండి. నాణెం మీద హిజ్రీ సంవత్సరంతో పాటు పాలన సంవత్సరం కూడా విడిగా ఉంటుంది. ఉర్దూ అంకెల్లో ఏడు ఇంగ్లీషు 'వి' అక్షరంలా, ఎనిమిది తలకిందుల 'వి'లా ఉంటాయి. సున్నా అంటే ఒట్టి చుక్క. మనకు సున్నాలా గుండ్రంగా కనిపించేది అయిదు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే, 1350ని చూసి మూడో అంకె సున్నా అనుకుంటారు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం దాదాపుగా వస్తుంది. 1337 అంటే 1918-19. ఒక ఆదివారం కూర్చుంటే ఇదంతా వచ్చేస్తుంది.

రూపాయి కన్నా చిల్లర మేలని ఎందుకంటున్నానంటే, రూపాయలను జనం దాచుకున్నారు, చిల్లరను వాడి అరగదీశారు. వెండి బేడ (రెండణాల నాణెం) బరువు 1.4 గ్రాములు కూడా ఉండదు, పావలా 2.8 లోపే. చేతులు మారి మారి మినార్ల అంచులు పోయినవే ఎక్కువ దొరుకుతాయి. నాలుగు మినార్లూ విడివిడిగా, గుమ్మంలో అక్షరం స్పష్టంగా ఉన్న బేడ దొరికితే వదలకండి. లక్షన్నర లెక్కన దాంట్లో వెండి 170 రూపాయలే, కాబట్టి అరిగినదానికీ నిగనిగలాడేదానికీ అమ్మేవాడు పెద్ద తేడా చూపడు. పలకలుగా ఉండే అణా కాసులూ, పైసలూ అయితే ఇంకా చౌక. వాటిలో వెండి లేదు కాబట్టి కరిగించే భయమూ లేదు. ఏడాదికొకటి చొప్పున వరస కట్టుకుంటూ పోతే, ఏ ఏడాది దొరకడం లేదో మీకే తెలిసిపోతుంది. ఆ తెలివిడి ఏ ధరల పట్టికలోనూ దొరకదు.

హాలీ సిక్కాకు లోపం లేకపోలేదు. అమ్మాలనుకున్నప్పుడు కొనేవాళ్లు తక్కువ. కల్దార్‌ను ఏ ఊళ్లోనైనా షరాబు కళ్లు మూసుకుని తీసుకుంటాడు. నిజాం అణాకు మాత్రం హైదరాబాదులోనో, వేలంలోనో, మీలాంటి ఇంకో సేకరణకర్త దగ్గరో తప్ప గిరాకీ లేదు. ఏడాదిలో డబ్బు వెనక్కి రావాలనుకునేవాళ్లు కల్దార్ వైపే వెళ్లండి.

స్మారక నాణేల్లో మన వాళ్లందరికీ తెలిసింది ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేశారు. బరువు 35 గ్రాములు, అందులో సగం వెండి, అంటే 17.5 గ్రాములు. పెట్టెను బట్టి 4,850 దాకా పెట్టి అమ్మారు. ఆనాటి ధరకు అందులోని వెండి పదమూడు వందల ప్రాంతం. కిలో లక్షన్నర అయినా అది 2,625, రెండు లక్షలైనా 3,500. అభిమానంతో కొన్నవాళ్లకు ఆ లెక్క అక్కర్లేదు, ఆ నాణెం ఇంట్లో ఉండటమే వాళ్లకు కావలసింది. లాభం కోసమైతే మాత్రం మొదటి రోజే ధర నిండుగా కట్టేస్తున్నారు, చౌకగా దొరికే అవకాశం అక్కడ లేదు.

దానికి బదులు పాత స్మారకాలు చూడండి. 1969 గాంధీ పది రూపాయల నాణెంలో 12 గ్రాముల అసలు వెండి ఉంది, కల్దార్ కన్నా ఎక్కువ. 1972లో స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండినప్పుడు వచ్చిన పది రూపాయల్లో 11.25 గ్రాములు. వీటిని దాచుకున్నవాళ్లే ఎక్కువ కాబట్టి అరగనివి సులువుగా దొరుకుతాయి. గొప్ప అరుదైనవేం కావు, కానీ వెండి ధరకు దొరికితే నష్టపోయే బేరం కాదు.

శాతవాహనుల సంగతి. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట, వాళ్ల నాణేలు తవ్వకాల్లో బయటపడ్డ ఈ ఊళ్ల పేర్లు వింటేనే ఒళ్లు పులకరిస్తుంది. మన నేల మీద అచ్చయిన తొలి రాతలు కొన్ని ఆ సీసపు బిళ్లల మీదే ఉన్నాయి. అయినా వద్దంటున్నాను. సీసానికి నకిలీ పోత పోయడం సులువు. అసలుదే అయినా చెక్క బీరువాలో పెడితే చెక్క ఆవిరికి తెల్లగా బూడిదలా పూసి, నెమ్మదిగా తినేస్తుంది. అన్నిటికీ మించి, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఉంది. పొలంలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువున్న నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. దొంగచాటుగా తవ్వి తెచ్చినదాన్ని కొంటే, ఏ పొరలో, ఏ కుండలో దొరికిందన్న చరిత్ర శాశ్వతంగా పోతుంది. ఆ నష్టం పూడ్చలేం. వాటిని మ్యూజియంలోనే చూద్దాం.

అమెరికా నుంచి వచ్చి తాతగారి నాణేలు పట్టుకెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని దేశం దాటించకూడదు. ఏటా ఆ హద్దు ముందుకు జరుగుతుంది. 1862 రూపాయి ఎప్పుడో దాటిపోయింది, హిజ్రీ 1337 బేడ కూడా దాటేసింది.

ధర ఎంతో తెలుసుకోవాలంటే అమ్మేవాళ్లు అడిగే రేట్లు చూడొద్దు. వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. ముంబై, బెంగళూరు వేలం సంస్థలు పాత ఫలితాలను నెట్లో పెడుతున్నాయి. వేలంలో కొట్టిన ధర మీద కమిషన్, పన్ను అదనం అని గుర్తుపెట్టుకోండి.

పదివేలను నేనైతే ఇలా పంచుతాను. ఆరువేలు నిజాం బేడలు, పావలాలు, అణాల మీద, అదీ ఒక్కసారిగా కాకుండా ఏడాది పొడవునా. మూడువేలతో 1862 రూపాయి ఒకటి, చుక్కలు లెక్కపెట్టాకే. మిగిలిన వెయ్యితో మంచి భూతద్దం, 0.01 గ్రాము దాకా చూపే చిన్న తక్కెడ, పీవీసీ లేని కవర్లు. పీవీసీ కవర్లో పెడితే రెండు మూడేళ్లలో నాణెం మీద పచ్చటి జిగట చేరుతుంది. భూతద్దం, తక్కెడ మాత్రం ముందే కొనండి, నాణేలు ఆ తర్వాత.