ఎడిసన్‌లో ఉచిత టాక్స్ ఫైలింగ్: వీటాకు ఐదుకు నాలుగు

ఉచితం అనగానే నాసిరకమని తేల్చేసే జబ్బు మనవాళ్ళలో ఎక్కువ. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో వీటా అనే ఉచిత టాక్స్ ఫైలింగ్ సేవ గురించి తెలియనివాళ్ళు ఇంకా ఉన్నారంటే కారణం అదేనేమో. అమెరికా టాక్స్ శాఖ ఐఆర్ఎస్ దీన్ని 1969 నుంచి నడిపిస్తోంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు (2025లో ఆ హద్దు సుమారు 67,000 డాలర్లు), ఐఆర్ఎస్ పరీక్ష పాసైన వాలంటీర్లు పైసా తీసుకోకుండా టాక్స్ రిటర్ను వేసిపెడతారు. 2024 సంవత్సరపు రిటర్నును మేము 2025 ఫిబ్రవరిలో మా దగ్గరి లైబ్రరీలో వేయించుకున్నాం.

నేను కిరాణా కొట్టులో క్యాషియర్‌ని, మా వారిది వేర్‌హౌస్‌లో పని. ఇద్దరివీ గంటల లెక్కన వచ్చే జీతాలే. అంతకుముందు ఒక టాక్స్ కన్సల్టెంటు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. రిఫండులోంచి తన వాటా ముందే కోసుకుని మిగిలింది మాకు పంపేవాడు. వీటాలో మా ఎదుట కూర్చున్న పెద్దావిడ ఆ పాత రిటర్ను తిరగేసి, రెండో పేజీ అడుగున తయారుచేసినవారి సంతకం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందని చూపించింది. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసేవాళ్ళు సంతకం పెట్టి, ఐఆర్ఎస్ ఇచ్చిన తమ నంబరు వేసి తీరాలి. ఆ సంగతి మాకు ఎవరు చెప్పారు గనక!

అసలు డబ్బంతా ఈఐటీసీలో ఉంది. తక్కువ జీతంతో పనిచేసేవాళ్ళ కోసం 1975లో పెట్టిన టాక్స్ క్రెడిట్ అది. కట్టాల్సిన టాక్స్ సున్నా అయినా డబ్బు చేతికొస్తుంది. 2024 లెక్క ప్రకారం భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే, ఇద్దరు పిల్లలున్న ఇంటికి 62,688 డాలర్ల ఆదాయం లోపు ఎంతో కొంత వస్తుంది. గరిష్ఠం 6,960. మా ఇద్దరి సంపాదన 41,000 దగ్గర ఉంది కాబట్టి నాలుగున్నర వేలకు పైనే వచ్చింది. ఆ మొత్తంలో 40 శాతానికి సమానమైన డబ్బు న్యూజెర్సీ రాష్ట్రం అదనంగా ఇస్తుంది. పిల్లల క్రెడిట్ మళ్ళీ వేరు. మా తోడికోడలు మాత్రం 'మనం గవర్నమెంటు సాయం తీసుకునేవాళ్ళమా' అని ముఖం చిట్లించింది. పనిచేసి సంపాదించనివాళ్ళకు ఈఐటీసీ రానే రాదు. రోజంతా నిలబడి బిల్లులు కొట్టే నాకు ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించలేదు.

నాకు బాగా నచ్చింది వాళ్ళు అడిగే ప్రశ్నలు. కన్సల్టెంటు ఏనాడూ మమ్మల్ని అడగనిది ఈవిడ మొదట్లోనే అడిగింది: పిల్లలు ఏడాదిలో సగానికి మించి అమెరికాలో మీ దగ్గరే ఉన్నారా? మా చిన్నవాడు వేసవి సెలవులు గుంటూరులో అమ్మమ్మ దగ్గర గడిపాడు. దానితో ఇబ్బంది లేదంది. పసిపిల్లల్ని ఏడాది పొడుగునా ఇండియాలో అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంచేవాళ్ళు మాత్రం ఆ బిడ్డ పేరున ఈఐటీసీ అడగకూడదు. దంపతులిద్దరికీ, పిల్లలకూ సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉండాలి. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్లే, వాళ్ళకు ఇది వర్తించదు. 'ఏం కాదు, వేసేయ్' అనే మహానుభావులు ప్రతి అపార్ట్‌మెంటులో ఒకరుంటారు. నిర్లక్ష్యంగా తప్పుడు క్లెయిమ్ చేస్తే రెండేళ్ళు, మోసమని తేలితే పదేళ్ళు ఈ క్రెడిట్ అడగనివ్వరని వాళ్ళు చెప్పరు.

రిటర్ను తయారయ్యాక మరో వాలంటీరు మొదటినుంచీ సరిచూశాకే మా చేత సంతకాలు పెట్టించారు. ఆ రెండో మనిషి మా వారి బ్యాంకు అకౌంటు నంబరులో ఒక అంకె తప్పు పడటం పట్టుకున్నాడు.

ఇక నచ్చనివి. అపాయింట్‌మెంటు కోసం ఫోను చేస్తే ఒక పట్టాన ఎత్తరు. వేళకు వెళ్ళినా కూర్చోబెడతారు. కలిసి ఫైల్ చేసే భార్యాభర్తలు ఇద్దరూ రావాలి కాబట్టి మా వారు షిఫ్టు వదులుకోవాల్సి వచ్చింది. ఫోటో ఐడీ, అందరి సోషల్ సెక్యూరిటీ కార్డులు, అన్ని డబ్ల్యూ-2లు (యజమాని ఇచ్చే ఏడాది జీతం కాగితాలు), బ్యాంకు వడ్డీ కాగితాలు, నిరుటి రిటర్ను వెంట ఉండాలి. ఒకటి తగ్గినా తిప్పి పంపిస్తారు. 13614-సి అనే ప్రశ్నల ఫారం ముందే ఇంట్లో నింపుకుని వెళితే కొంత సమయం కలిసొస్తుంది.

అందరి రిటర్నులూ అక్కడ వేయరు. ఇండియాలో ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకూ, అక్కడి బ్యాంకుల్లో మొత్తం కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటినవాళ్ళకూ ఇది చోటు కాదు. మా వారికి ఉన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆ గీతకు చాలా కింద ఉంది కాబట్టి ఆ వడ్డీ చూపించి సరిపెట్టాం. మా పక్క బల్ల దగ్గర ఒకాయన ఇండియాలో అద్దె మాట ఎత్తగానే, ఫీజు ఇచ్చి సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంటు) దగ్గరికి వెళ్ళమని మర్యాదగా చెప్పారు.

ఈఐటీసీ ఉన్న రిఫండును చట్టం ప్రకారం ఫిబ్రవరి మధ్య వరకు విడుదల చేయరు. మాది మార్చి మొదట్లో అకౌంటులో పడింది, ఎవరి కోతా లేకుండా.

ఒక మార్కు తగ్గించింది ఆ ఫోను కోసం. జనవరిలో అపాయింట్‌మెంట్లు తెరవగానే ప్రయత్నించండి. పాత ఏళ్ళ రిటర్ను వేయనివాళ్ళు మూడేళ్ళ లోపు రిఫండు అడగవచ్చు, అయితే పాత రిటర్నులు అన్ని కేంద్రాల్లోనూ చేయరు కనుక ఫోనులోనే కనుక్కోండి.