చీమకుర్తి పలక ఎక్కడ పగులుతుందో ముందే చెప్పాలంటే ఏ లెక్క మేలు?

ఒంగోలులో మా మేనమామ వాళ్ల కొత్తింట్లో వంటగట్టు మీద వేసిన బ్లాక్ గెలాక్సీ (చీమకుర్తిలో దొరికే నల్ల గ్రానైట్) పలక సింకు మూల దగ్గర చీలింది. నేను మెకానికల్ చదివానని "ఇది నీ కంప్యూటర్‌లో ముందే తెలిసేది కాదా అబ్బాయ్?" అని అడిగాడు. తెలిసేదే, కాకపోతే సరైన పద్ధతి పట్టుకోవాలి.

పరమాణువుల నుంచి మొదలయ్యే డీఎఫ్‌టీ (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ, ఎలక్ట్రాన్ల సాంద్రతతో పదార్థం గుణాల్ని లెక్కగట్టే పద్ధతి) అంటే నాకు చాలా ఇష్టం, దాన్ని రూపొందించినందుకే వాల్టర్ కోన్‌కి 1998లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. మన రాయిలో బంగారు చుక్కల్లా మెరిసే బ్రాంజైట్ స్ఫటికం ఎంత గట్టిదో అది చెప్పగలదు, కానీ మామూలుగా కొన్ని వందల పరమాణువుల దగ్గరే ఆగిపోతుంది. మాలిక్యులర్ డైనమిక్స్ అనే ఇంకో పద్ధతి కంప్యూటర్‌లో కోట్ల పరమాణువులను కదిలిస్తుంది గానీ కాలంలో ఒక్కో అడుగు దాదాపు ఒక ఫెమ్టోసెకను, అంటే వంద కోట్ల అడుగులు వేస్తే గడిచేది ఒక్క మైక్రోసెకను, సెకనులో పది లక్షలవ వంతు. పైగా రాయి పగిలేది స్ఫటికం బలాన్ని బట్టి కాదు, లోపలున్న సన్నని నెర్రెలను బట్టి. గాజు విషయంలో గ్రిఫిత్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు ఈ సంగతి 1921లోనే చూపించాడు.

అందుకే ఈ పనికి నా ఓటు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి. పలకను చిన్న ముక్కలుగా విడగొట్టి ఒత్తిడి ఎక్కడ పోగవుతుందో చూపిస్తుంది, కాల్‌క్యులిక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: సింకు మూలని పదునైన లంబకోణంగా గీస్తే ముక్కలు ఎంత చిన్నవి చేస్తే ఒత్తిడి అంత పెరుగుతూ పోతుంది, ఆ అంకెని నమ్మకూడదు. మూలని గుండ్రం చేస్తే అంకె ఒకచోట నిలబడుతుంది, నిజంలో పలక కూడా నిలబడుతుంది. చెయ్యి తిరిగిన మేస్త్రి ముందు నాలుగు మూలల్లో గుండ్రటి రంధ్రాలు వేసి, తర్వాతే వాటిని కలుపుతూ కోసేది ఇందుకే. మందం 18 మిల్లీమీటర్ల నుంచి 20కి పెంచినా, అదే బరువుకి వంపు ఒత్తిడి దాదాపు 19 శాతం తగ్గుతుంది.

మరి ల్యాబు పరీక్ష వద్దా? అది లేకపోతే మోడల్‌కి విలువే లేదు, ఒత్తిడి ఎంతో లెక్క చెబుతుంది గానీ ఆ రాయి ఎంత తట్టుకుంటుందో వంచి విరిచి చూస్తేనే తెలుస్తుంది. అదీ ఒక్క ముక్కతో చాలదు, ఒకే బండలోంచి కోసిన ముక్కలు కూడా ఒక్కోటి ఒక్కో బరువు దగ్గర విరుగుతాయి. అందుకే పగిలిన పలకని పారెయ్యొద్దని మామకి చెప్పాను, దాన్నే పట్టీలుగా కోయించి కాలేజీ ల్యాబులో విరిపిస్తాను.