డిస్ట్‌సీసీనా, ఐస్‌క్రీమా: పాత ల్యాప్‌టాప్‌లో జెంటూకి ఏది మేలు?

జెంటూ లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను మామూలుగా సోర్స్ కోడ్ నుంచి మన మెషీన్‌లోనే కంపైల్ చేసుకోవాలి, పాత ల్యాప్‌టాప్‌కి అది భారం. ఇంట్లో ఇంకో రెండు మెషీన్లు ఖాళీగా ఉంటే, ఆ కంపైల్ పని వాటికి పంచడానికి డిస్ట్‌సీసీ మంచిదా, ఐస్‌క్రీమ్ మంచిదా? జెంటూ వాడే మిత్రులు పదేపదే అడుగుతున్నారు. నేను చాలాకాలం డిస్ట్‌సీసీ వాడాను, పోయిన నెల ఐస్‌క్రీమ్‌కి మారాను.

డిస్ట్‌సీసీ 2002 నుంచి ఉంది. మన మెషీన్‌లో ప్రీప్రాసెస్ అయిన (హెడర్లన్నీ కలిసిన) సోర్స్ ఫైల్ అవతలి మెషీన్‌కి వెళ్తుంది, కంపైల్ అయిన ఆబ్జెక్ట్ ఫైల్ తిరిగి వస్తుంది. జెంటూ ప్యాకేజీ మేనేజర్ అయిన పోర్టేజ్‌లో ఫీచర్స్ అనే సెట్టింగ్‌లో ఒక మాట చేర్చి, సాయం చేసే మెషీన్ల (హోస్టుల) పేర్లు రాస్తే చాలు. మెషీన్లన్నీ జెంటూవే అయి, ఒకేసారి అప్‌డేట్ చేసే ఓపిక ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

నా ఇంట్లో అలా కాదు. ల్యాప్‌టాప్‌లో జెంటూ, ఒక డెస్క్‌టాప్‌లో డెబియన్, ఇంకోదాంట్లో ఫెడోరా, మూడూ వేర్వేరు లినక్స్ డిస్ట్రోలు. డిస్ట్‌సీసీ కంపైలర్‌ని పంపదు, అవతల ఏ జీసీసీ (సీ, సీ++ కంపైలర్) ఉంటే దాన్నే నడుపుతుంది. ల్యాప్‌టాప్‌లో జీసీసీ కొత్త వెర్షన్‌కి మారిందంటే, డెబియన్‌లో పాతదే ఉంటుంది. ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ మొత్తాన్ని ఆప్టిమైజ్ చేసే పద్ధతి) పెట్టుకుంటే, ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపే లింకింగ్ దగ్గర వెర్షన్ కలవలేదని ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది, అది నయం. ఎల్‌టీఓ లేకపోతే రెండు కంపైలర్ల ఆబ్జెక్టులు కలిసిపోయి బిల్డ్ పాస్ అయిపోవచ్చు. నాకు అసలు టెన్షన్ ఆ పాస్ అయిన బిల్డ్ గురించే. తర్వాత ప్రోగ్రామ్ క్రాష్ అయితే తప్పు సోర్స్‌లో ఉందో, కంపైలర్‌లో ఉందో ఎలా తెలుస్తుంది?

డిస్ట్‌సీసీ ఆధారంగా సూసే లినక్స్‌వాళ్లు తయారుచేసిన ఐస్‌క్రీమ్‌లో ఈ చిక్కు లేదు. మన జీసీసీని, దానికి కావలసిన లైబ్రరీలతో సహా మూటకట్టి అవతలికి పంపి, అక్కడ క్రూట్‌లో (మిగతా సిస్టమ్‌తో కలవని విడి ఫోల్డర్‌లో) నడుపుతుంది. అవతల ఏ డిస్ట్రో ఉన్నా పట్టింపు లేదు. పైగా ఏ మెషీన్ ఖాళీగా ఉందో చూసి పని ఇచ్చే షెడ్యూలర్ ఉంది. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషీన్‌లో పెట్టాలి, అది ఆగితే కంపైల్ అంతా మళ్లీ ల్యాప్‌టాప్ మీదే పడుతుంది. నాకు ఆ బాధ్యత బరువనిపించలేదు.

రెండింటిలోనూ కాన్ఫిగర్ (బిల్డ్‌కి ముందు సిస్టమ్‌ని పరిశీలించే దశ), లింకింగ్ మన మెషీన్‌లోనే జరుగుతాయి. మూడు మెషీన్లు ఉన్నాయని మూడింతల వేగం ఆశించకండి. రెండింటినీ ఇంటి నెట్‌వర్క్ దాటి బయటికి తెరవకండి.

వీటితోపాటు వినిపించే సీక్యాష్ అనే టూల్ పని పంచదు, చేసిన కంపైల్ మళ్లీ చేయకుండా ఆపుతుందంతే. రస్ట్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లు ఎక్కువైతే, అలాంటిదే అయిన మొజిల్లావాళ్ల ఎస్‌సీక్యాష్ చూడండి. ప్రోగ్రామ్‌లో ఏ సదుపాయాలు ఉండాలో ఎంచుకునే యూజ్ ఫ్లాగుల పట్టింపు లేనివాళ్లకు 2023 డిసెంబర్ నుంచి జెంటూ అధికారిక బైనరీలే (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు) ఉన్నాయి.

ఐస్‌క్రీమ్ పెట్టాక దాని మానిటర్ ప్రోగ్రామ్ ఐస్‌మాన్ తెరిచి, పని నిజంగా బయటికి వెళ్తోందో లేదో చూడండి. అంతా ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంటే ముందు సీఫ్లాగ్స్ (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లు) చూడండి. వాటిలో మార్చ్ (-march) ఆప్షన్‌కి నేటివ్ అని ఉంటే పని బయటికి పోదు, అక్కడ మీ ప్రాసెసర్ రకానికి జీసీసీ వాడే పేరు రాయాలి.