డిగ్రీ అయ్యాక పీజీ: శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీనా (ఎస్కేయూ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీనా?

అనంతపురంలో బీఎస్సీ, బీఏ పూర్తయిన ప్రతి ఇంట్లో వేసవిలో ఇదే చర్చ.

ప్రవేశం: ఎస్కేయూకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్. తప్పు జవాబుకు మార్కులు పోవు. హైదరాబాద్‌కు జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. పోటీ దేశమంతటితో. చివరి సెమిస్టర్ చదువుతూనే దీనికీ చదవాలంటే టెన్షన్ తప్పదు.

ఖర్చు: ఎస్కేయూ ఊరి అంచునే ఉంది, బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. హైదరాబాద్‌లో ఫీజు భయపెట్టదు కానీ హాస్టల్, మెస్, పండగలకు రానుపోను టికెట్లు కలిస్తే లెక్క మారిపోతుంది. వేరుశనగ పంట మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

రిస్క్: సీయూఈటీనే నమ్ముకుని పీజీసెట్ రాయకపోతే ఏడాది పోవచ్చు. రెండూ రాయడమే తెలివి.

చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది. 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం అనంతపురం పక్కనే, జంతలూరులో ఉంది. దానికీ సీయూఈటీ స్కోరే. కోర్సులు తక్కువ, మీ సబ్జెక్టు ఉందో లేదో ముందే చూసుకోండి.

పీహెచ్‌డీ ఆలోచన ఉండి, ఇంగ్లిష్‌లో సెమినార్లు ఇవ్వడానికి సిద్ధమైతే హైదరాబాదే మేలు. లైబ్రరీ, ల్యాబ్, తోటివాళ్ల పోటీ అక్కడ వేరు. డీఎస్సీ, గ్రూప్స్ వైపు మనసుంటే, ఇంట్లో మీ అవసరం ఉంటే ఎస్కేయూ చాలు. యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత, పరిశోధన ఫెలోషిప్ పరీక్ష) ఎక్కడ చదివినా రాయొచ్చు, అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.