అలయన్సా, ఓసెలాటా: ఏ సబ్‌మెరైన్ చూడాలి?

అలయన్స్, ఓసెలాట్ రెండూ బ్రిటిష్ నౌకాదళం (రాయల్ నేవీ) పాత సబ్‌మెరైన్లు, ఇప్పుడు ఇంగ్లండ్‌లో మ్యూజియాలు. లండన్ నుంచి ఒక్కరోజు ట్రిప్పులో రెండూ చూడాలంటే పరుగులే.

ప్రయాణం: ఓసెలాట్ ఉన్న చాటమ్‌కు ఫాస్ట్ రైల్లో గంట లోపే. అలయన్స్ ఉన్న గోస్‌పోర్ట్‌కైతే పోర్ట్స్‌మత్ దాకా రైలు, అక్కడ ఫెర్రీ.

వయసు: అలయన్స్ 1945లో నీళ్లలోకి దిగింది, ఓసెలాట్ 1962లో. చాటమ్‌లో రాయల్ నేవీ కోసం కట్టిన చివరి యుద్ధనౌక ఓసెలాటే.

ఇబ్బంది: ఓసెలాట్‌లో గది నుంచి గదికి గుండ్రటి కంతల్లోంచి దూరాలి. పైకమ్మీ పట్టుకుని ముందు కాళ్లు వేస్తే సులువు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారిని మాత్రం తీసుకెళ్లకండి. అలయన్స్‌లోకి వెళ్లడానికి పక్కన తలుపులు కోశారు, అంత పాట్లు ఉండవు.

చరిత్ర: ఇక్కడ నా ఓటు అలయన్స్‌కే. 1971లో ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్‌లో బ్యాటరీ పేలి అందులో ఒకరు చనిపోయారు. అదే తరగతికి చెందిన అఫ్రే 1951 ఏప్రిల్‌లో ఇంగ్లిష్ ఛానల్‌లో 75 మందితో మునిగింది. సముద్రంలో బ్రిటన్ పోగొట్టుకున్న ఆఖరి సబ్‌మెరైన్ అదే. జూన్‌లో అడుగున దొరికింది, గాలి పీల్చే స్నార్ట్ గొట్టం విరిగిపోయి ఉంది. అసలు కారణం మాత్రం తేలనే లేదు.

టైమ్ తక్కువై, ఒళ్లు వంగుతుందంటే ఓసెలాట్. వెంట పెద్దవాళ్లుంటే అలయన్స్. వైజాగ్‌లో కురుసుర చూసేసినవాళ్లకూ అలయన్సే. ఓసెలాట్, కురుసుర దాదాపు ఒకే కాలపు డీజిల్ సబ్‌మెరైన్లు.