కొలిమి కథల కోసం ఐర్లండ్ పల్లెల్లో

ఐర్లండ్ పల్లె కథలను, ముఖ్యంగా కమ్మరి కథలను వెతుక్కుంటూ వెళ్లేవారికి అందరూ రెండు చోట్లు చెబుతారు: క్లేర్ కౌంటీలోని బన్‌రాటీ జానపద గ్రామం, మేయో కౌంటీ టర్లోలోని జాతీయ గ్రామీణ జీవన మ్యూజియం. రెండూ చూశాను కనుక చెబుతున్నాను, ఒక్కదానికే సమయముంటే టర్లోకే వెళ్లండి.

బన్‌రాటీలో 15వ శతాబ్దపు కోట, పూరిళ్లు, కొలిమి ఉన్నాయి. పిల్లలకు బాగా నచ్చుతుంది. అయితే టికెట్ ఖరీదెక్కువ. టూరిస్టు బస్సులు వచ్చాక కొలిమి దగ్గర నిలబడి ఒక ప్రశ్న అడగడానికి కూడా సందు దొరకదు.

2001లో తెరిచిన టర్లో మ్యూజియంలో ప్రవేశం ఉచితం. సోమవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ తలుపులు తీయరని చూసుకోకుండా పొద్దున్నే చేరి, దగ్గర్లోని పాత గుండ్రటి రాతి గోపురం పక్కన సన్నటి వానలో రెండు గంటలు తడిశాను. లోపల డోనెగల్ కౌంటీ ఫిన్‌టౌన్‌కు చెందిన టర్నిప్ లాంతరు (హాలోవీన్ పండక్కి దుంపను తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేది) ప్లాస్టర్ అచ్చు ఒకటుంది: గుంటకళ్లు, పళ్లు బయటపెట్టిన నోరు, ముడతలు పడిన ముసలి ముఖం. ఇలాంటి లాంతర్ల వెనక ఒక కథ చెబుతారు: సైతానును మోసగించి, చివరికి నరకంలో కూడా చోటు దొరకక నిప్పు పట్టుకుని తిరిగేవాడి కథ అది. కొన్నిచోట్ల ఆ మోసగాడు కమ్మరే.

వెళ్లేముందు ఐర్లండ్ జానపద సేకరణలుండే డూహస్ (duchas.ie) వెబ్‌సైటు తప్పక చదవండి. 1937–39లో సుమారు 5,000 బడుల పిల్లలు తమ ఊరి పెద్దలను అడిగి రాసిన నోటుపుస్తకాలు అందులో ఉచితంగా దొరుకుతాయి. పిల్లలకిచ్చిన అంశాల్లో ఊరి కొలిమి ఒకటి. ఎర్రగా కాలిన ఇనుమును ముంచిన నీళ్లు పులిపిర్లను పోగొడతాయని, కమ్మరి దాగలిని తిప్పి శపిస్తే ఆ శాపం తగిలి తీరుతుందని జనం నమ్మేవారట.

బస టర్లో దగ్గరి పట్టణం కాసిల్‌బార్‌లో, ఒక కుటుంబం నడిపే ఇంట్లో. వేడినీళ్లు ఆలస్యమే గానీ, మాంసం తిననని ముందే చెప్పినందుకు గుడ్లు, సోడా బ్రెడ్ విడిగా పెట్టారు. "ఇల్లు నిండుతుంది, గది నిండుతుంది, చెంచాడైనా పట్టలేం" అని ఇంటావిడ పొడుపుకథ వేస్తే, పొగ అని వెంటనే విప్పాను. బదులుగా "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పేసరికి కిటకిటలన్నీ పోయి తలుపులే మిగిలాయి; కనురెప్పలని నేను చెప్పేదాకా ఆవిడ వంటగది తలుపు వైపే చూస్తూ ఉన్నారు.