వీఎస్ కోడ్ రూపు మార్చాలంటే: సెట్టింగ్స్ పేజీనా, జేసన్ ఫైలా?

విజయవాడ గవర్నర్‌పేటలో కొత్త ల్యాప్‌టాప్ కొని, ప్రోగ్రాములు రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌ను మొదటిసారి తెరిచిన కుర్రాడికి సెట్టింగ్స్ పేజీ చాలు. అక్షరాల సైజు, థీమ్ వెతికి మార్చుకోవడమే. సెట్టింగులను చేత్తో టైప్ చేసే జేసన్ ఫైల్లోలా కామా మర్చిపోతామన్న టెన్షన్ లేదు.

కానీ విండో అడుగున ఉండే పట్టీ, అంటే స్టేటస్ బార్ ఒక్కదాన్నే గుంటూరు మిర్చి రంగులోకి మార్చాలనుకోండి. ఆ పేజీ చేతులెత్తేసి, సెట్టింగ్స్ జేసన్ ఫైల్ తెరవమంటుంది. నా ఓటు ఈ ఫైలుకే. 'వర్క్‌బెంచ్.కలర్‌కస్టమైజేషన్స్' కింద 'స్టేటస్‌బార్.బ్యాక్‌గ్రౌండ్' అని, దానికి రంగు కోడ్ రాసి సేవ్ చేస్తే అప్పటికప్పుడే మారుతుంది. తెలుగు ఒత్తులు కింది లైనుకు తగులుతుంటే 'ఎడిటర్.లైన్‌హైట్' 1.8 పెట్టి చూడండి. రెండు స్లాషులు పెట్టి, ఏది ఎందుకు మార్చామో తెలుగులోనే రాసుకోవచ్చు కూడా.

అసలు పేజీలో మార్చినా అది చేరేది ఈ ఫైల్లోకే.